ఆఖరి వాలెట్ ఎవరిది?

ఎర్రర్!

నల్లటి స్క్రీన్ మీద ఎర్రటి లైను. లోడింగ్ ఆగిపోయింది!

"ఏమైంది వదినా?" వెనకనుంచి మరిది గొంతు. "ఎందుకాగింది?"

"కనెక్షన్ తెగింది. ఆగినచోటి నుంచే మళ్ళీ ఎక్కిస్తాను. నన్ను కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి!"

ఒక్క లైను కమాండ్. ఎంటర్!

కదిలింది... క్రిప్టో కాయిన్ల లావాదేవీల చిట్టా, బ్లాక్ తర్వాత బ్లాక్. రెండేళ్ళుగా ఎవరి వాలెట్‌లోంచి ఎవరి వాలెట్‌లోకి కాయిన్లు వెళ్ళాయో, అదంతా వరసగా వచ్చి ఆమె డేటాబేస్‌లో పడుతోంది.

సెలవు రోజు సాయంత్రం. ఆఫీసులో వాళ్ళిద్దరే. బయట ఒకటే వాన.

తన భార్యని, అంటే ఆమె చెల్లెల్ని, కిడ్నాప్ చేశారని మరిది పొద్దున్నే ఏడుస్తూ వచ్చాడు. అడిగిన కాయిన్లన్నీ పంపేశాడట. అయినా మనిషి ఇల్లు చేరలేదు. పోలీసులకి చెబితే చంపేస్తామన్నారట.

"ఆ కాయిన్లు ఎవడి దగ్గర తేలాయో కనిపెట్టండి వదినా... మీ కాళ్ళు పట్టుకుంటాను!"

లోడింగ్ పూర్తయింది!

ఆమె క్వెరీ కొట్టింది. కాయిన్లు ముక్కలై చెల్లాచెదురయ్యాయి. ఒక వాలెట్... అక్కణ్ణించి ఇంకోటి... అక్కణ్ణించి మరోటి...

చివరికి అన్నీ ఒకే వాలెట్‌లో చేరాయి.

దొరికాడు!

ఎవడు వీడు? ఈ వాలెట్‌లోకి మొట్టమొదట చిల్లర పంపిందెవరు?

ఆమె మొట్టమొదటి లైను దాకా వెనక్కి జరిపింది.

తనే!

చెల్లెలికి ఇదంతా నేర్పిన రోజు, "చూడవే మొద్దూ, ఇలా పంపాలి" అంటూ తనే పంపింది!

కిడ్నాపూ లేదు, పాడూ లేదు. కాయిన్లు తీసుకుంది చెల్లెలే. పారిపోయింది!

ఎవరి నుంచి?

పోయిన నెల చెల్లెలి మెడ మీద కమిలిన మచ్చలు. "మెట్ల మీద జారానక్కా" అంది. మెట్ల మీద జారితే మెడ మీద వేళ్ళ గుర్తులు పడతాయా?

"ఎవడిదా వాలెట్?" మరిది ఊపిరి ఆమె జుట్టుకి తగులుతోంది.

"ఇంకా... తేలలేదు. కొత్త బ్లాకులు కూడా ఎక్కించి చూడాలి."

నోరు అబద్ధం చెబుతోంది. వేళ్ళు వేరే పని చేస్తున్నాయి. చెల్లెలి వాలెట్‌కి కాసింత చిల్లర, దాని తోకకి ఒక సందేశం. అక్షరాల్లో కాదు, వాటి కోడ్ అంకెల్లో. మరిదికి అదంతా చీమల బారు!

'మీ ఆయన నా ఆఫీసులో ఉన్నాడు. ఇటు రాకు. పారిపో.'

ఎంటర్!

ఇక తన వాలెట్‌కి ఏమొచ్చినా వెంటనే అక్షరాల్లో చూపించమని ఇంకో కమాండ్.

నిమిషాలు గడుస్తున్నాయి. బ్లాకులు వస్తున్నాయి. జవాబు లేదు...

"వదినా!" మరిది నెమ్మదిగా అన్నాడు. "నాకు కమాండ్లు రావు. మొహాలు చదవడం వచ్చు."

మెడకి చల్లగా ఏదో తగిలింది.

తుపాకీ!

"అదే కదూ?" ఆ గొంతులో ఇప్పుడు ఏడుపు లేదు. మర్యాద అంతకంటే లేదు. "నన్నే వెర్రివెధవని చేస్తుందా? ఎక్కడ దాక్కుందో చెప్పు! చెప్పకపోయినా పర్లేదులే. నువ్వు పోయావని తెలిస్తే ఏడ్చుకుంటూ అదే వస్తుంది!"

"నాకు తెలీదు! ఒట్టు!"

ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది...

స్క్రీన్ మీద కొత్త లైను!

తన వాలెట్‌కి ఎవరో చిల్లర పంపారు. తోకన మూడే మాటలు.

'అక్కా, తల వంచు.'

"ఏంటది?" మరిది ముందుకి వంగి చదువుతున్నాడు...

ఆమె అప్పటికే బల్ల కింద ఉంది!

ఢాం!

ఆఫీసు అద్దం తలుపు భళ్ళున పగిలింది. మరిది ఆమె కుర్చీతో సహా కుప్పకూలాడు. అతని తుపాకీ ఎగిరి గోడవారన పడింది.

గాజుపెంకుల అవతల చెల్లెలు. వానలో తడిసి ముద్దయింది. ఒక చేతిలో ఫోను. ఇంకో చేతిలో, మొగుడి బీరువాలోంచి ఎత్తుకొచ్చిన రెండో తుపాకీ.

"రావద్దన్నానుగా!" బల్ల కిందనుంచే అక్క అరిచింది.

"నీ మాట నేనెప్పుడు విన్నానక్కా?"