తారు మరక అనుకున్నది

నెలలో మొదటి ఆదివారం. ఎప్పటిలాగే ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఎడమ కాలు భార్య ఒళ్ళో పెట్టారు. వీపు, మెడ, చెవుల వెనక, గోళ్ళ కింద చూసే పని బడిలో లెక్కలు చెప్పే కూతురిది. అరికాలు మాత్రం ఆవిడ వంతు. కొత్త మచ్చ పుట్టినా, పాతది పెరిగినా, మానని పుండు కనబడినా వెంటనే రమ్మని డాక్టరు చెప్పి ఏడాదిన్నర అయింది.

ఇరవై ఆరేళ్ళు రోడ్లు వేసిన మనిషి ఆయన. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పాదాలకు తారు పట్టి ఉండేది. ఆవిడ కిరసనాయిలుతో తుడిచి, గరుకు రాయితో తోమేది. మడమ మీద ఒక నల్ల మచ్చ మాత్రం వదలలేదు. పది నెలలు ఆవిడా వదల్లేదు. చివరికి అది తారు కాదు, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అన్నారు. మడమ కండ కోసి, తొడ చర్మం తెచ్చి అతికారు. గజ్జల్లో ఒక గడ్డ కూడా తీశారు.

"ఏమీ లేదు," అంది ఆవిడ ఎప్పటిలాగే.

ఈసారి కూతురు ఫోను లైటు వేసి వంగి చూసింది.

"అమ్మా, కుట్ల పక్కన ఈ నల్ల చుక్క పోయిన నెల ఉందా?"

"ఉందేమో."

"ఉందేమో ఏంటమ్మా? చూసేది నువ్వే కదా."

ఆవిడకు ఇక అబద్ధమాడే ఓపిక కూడా లేకపోయింది. "చూడలేదు. ఏ నెలా చూడలేదు. ఊరికే కాలు పట్టుకుని కూర్చుంటాను."

"పద్దెనిమిది నెలలు ఏమీ లేదని చెప్పావు!"

"ఆ మడమ చూస్తే నా చెయ్యే గుర్తొస్తుందే. తోమి తోమి నేనే తెచ్చిపెట్టాను."

"తోమితే క్యాన్సర్ రాదని డాక్టరు నీ ఎదుటే చెప్పాడు కదమ్మా."

"చెప్పాడు. విన్నాను. మనసుకు ఎక్కొద్దూ?"

"మీ అమ్మనేమీ అనకు," అన్నారాయన. "తను చూడట్లేదని నాకు తెలుసు."

"మరి చెప్పలేదేం నాన్నా?"

"చెబితే నువ్వు చూస్తావు. ఏదైనా కనబడితే మళ్ళీ కోస్తారు. నావల్ల కాదమ్మా. అప్పుడూ అంతే. మీ అమ్మ తోమడం మొదలెట్టిన నాలుగో నెలలోనే చెప్పు మీద రక్తం చూశాను. తారుకి రక్తం వస్తుందా? పనిలోనే కడిగేసుకుని ఇంటికొచ్చి, ఇంకాస్త గట్టిగా తోమవే అన్నాను."

ఆవిడకు ముందు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఒంటరిగా మోసిన బరువులో సగం ఈ మనిషిదేనా? అన్నం ముందు కూర్చుని, తినలేక లేచిపోయిన పూటలన్నీ గుర్తొచ్చాయి. తర్వాత ఏడుపు ముంచుకొచ్చింది.

"ఒక్క మాట చెప్పి ఉంటే మీ సొమ్మేం పోయేది?"

"భయమేసింది," అన్నారాయన.

ఆ ఒక్క ముక్క విన్నాక ఆవిడ కోపం నీరుగారిపోయింది. తనకీ అదే కదా జరిగింది. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకే భయాన్ని చెరో మూల దాచుకుని బతికారు.

కళ్ళు తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకుంది. పాదాన్ని వెలుతురు వైపు తిప్పింది. పది నెలలు తోమిన మడమ అది. ఇప్పుడు వేలి కొనతో మెల్లగా, అంగుళం అంగుళం చూసింది. ఆయన కాలు వెనక్కి లాక్కోబోతే ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"ఒకటి కాదు, రెండున్నాయి," అంది కూతురితో. "ఇది ఆవగింజంత ఉంది. పక్కనే ఇంకోటి, దీనికన్నా చిన్నది, నువ్వు చూడలేదు."

"మళ్ళీ కోస్తారే," అన్నారాయన నీరసంగా.

"కోయనివ్వండి. రేపు పొద్దున్నే వెళ్దాం. డాక్టరుకి రెండూ నేనే చూపిస్తాను."