ఇంపాలా ముందు సీటు

విశ్వనాథరాజుగారికి కాఫీ ఒక్కటే ఇస్తే సరిపోదు, పక్కన వినే మనిషిని కూడా కూర్చోబెట్టాలి. గ్లాసు సగమయ్యేసరికి ఆయన ప్లిమత్ ఎక్కేస్తారు. ఖాళీ అయ్యేలోగా ప్లిమత్ దిగి డాడ్జి, డాడ్జి దిగి ఇంపాలా. భీమవరం పక్కనున్న ఆ ఊళ్ళో ఈ మూడు అమెరికా కార్ల సంగతి తెలియనివాళ్ళు లేరు. కొత్తగా వచ్చిన పాలవాడు కూడా ఏ కారు ఎలా హారన్ కొట్టేదో నోటితో కొట్టి చూపిస్తాడు.

ఆవేళ పొద్దున్న కూడా వరండాలో అదే వరస.

"డిక్కీ అంటే అదీ డిక్కీ! నవారు మంచం వేసుకుని పడుకోవచ్చు. వెనకాల రెండు రెక్కలు. రోడ్డు మీద వెళ్తుంటే..."

"రోడ్డు మీద వెళ్తుంటే చేలో ఊడ్పులు ఊడ్చేవాళ్ళు నడుం ఎత్తి చూసేవారు," అని వంటింట్లోంచి ఆయన భార్య వరలక్ష్మమ్మ అందించింది, పెసరట్టు తిరగేస్తూ. "డాడ్జి బురదలో దిగబడితే ఎడ్లు కట్టి లాగారు. అది కూడా చెప్పేసి రండి, అట్టు చల్లారిపోతోంది."

మనవరాలు మంజుష పకపకా నవ్వింది. ఆ పిల్ల కాకినాడలో ఉద్యోగం చేస్తోంది. అక్కడ పాత కార్లు బాగుచేసి ముచ్చటగా దాచుకునే ఒకాయన పరిచయమయ్యాడు. ఆయన దగ్గర అచ్చం ఒకప్పటి వీళ్ళ ఇంపాలాలాంటిదే ఉంది, అదే ఆకాశం రంగు. తాతగారి ఎనభయ్యో పుట్టినరోజు అని బతిమాలితే ఒక్కరోజుకి డ్రైవరుతో సహా పంపుతానన్నాడు. ఆ రోజు ఈ రోజే. అందరూ పాలకొల్లు వెళ్ళి స్వామి దర్శనం చేసుకుని రావాలి. హైవే మీద కాదు, పాత కాలవగట్టు దారినే వెళ్ళాలని విశ్వనాథరాజుగారి పట్టు.

ఆ సంగతి విన్నప్పట్నుంచీ వరలక్ష్మమ్మకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఆవిడకు ఒక్కటే కోరిక. ఆ కారులో ముందు సీట్లో కూర్చోవాలి. ఎవరితోనూ అనలేదు. ఇంత వయసొచ్చాక ముందు సీటు కోసం మారాం చేస్తే పిల్లలు నవ్వరూ?

నవ్వితే నవ్వనీ, ఆ బాధ ఆవిడది. కొత్త పెళ్ళికూతురిగా ప్లిమత్‌లోనే ఈ ఇంటికి వచ్చింది. ఆ రోజుల్లో రాజుల ఇళ్ళల్లో ఆడవాళ్ళకు ఘోషా. కారు అద్దాలన్నిటికీ తెరలు, ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్యన ఇంకో తెర. మామగారు, భర్త ముందు కూర్చుంటే, ఆవిడ, అత్తగారు వెనక చీకట్లో. ప్లిమత్ పోయి డాడ్జి వచ్చింది, డాడ్జి పోయి ఇంపాలా వచ్చింది, తెరలు మాత్రం ఒక కారులోంచి ఇంకో కారులోకి మారుతూ వచ్చాయి. పాలకొల్లు అవతల పుట్టింటికి కాలవగట్టు మీద ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కలేదు. ఆ దారి ఎలా ఉంటుందో మాత్రం చూడలేదు. ఇంపాలా అమ్మేసిన ఏడాదే పుట్టింటివాళ్ళు ఊరు వదిలేశారు. తరవాత ఆవైపు వెళ్ళే పనే పడలేదు.

వీధిలో హారన్ మోగింది. విశ్వనాథరాజుగారు అట్టు ముక్క చేత్తో పట్టుకునే పరుగెత్తారు. వరలక్ష్మమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వెనకాలే వెళ్ళింది. వాకిట్లో ఇంపాలా తళతళలాడిపోతోంది. దాన్ని చూడగానే ఆవిడకీ గుండె ఝల్లుమంది. అబద్ధమెందుకు, ఆవిడకీ ఆ కార్లంటే ప్రాణమే.

కొడుకు రామకృష్ణ నవ్వుతూ ఎదురొచ్చాడు. "అమ్మగారూ, ఇటు రండి. మీకోసం ఒక సర్‌ప్రైజ్!"

వెనక తలుపు తెరిచాడు. అద్దాలకు కొత్త తెరలు! జరీ అంచు పట్టుగుడ్డతో, మధ్యలో తెరతో సహా.

"రాత్రికి రాత్రి దర్జీ దగ్గర కూర్చుని కుట్టించానండి. రంగు నాన్నగారే చెప్పారు. అచ్చం అప్పటిలా ఉండాలని," అన్నాడు మురిసిపోతూ.

వరలక్ష్మమ్మ తెర వంక చూసింది, కొడుకు వంక చూసింది, అప్పటికే ముందు తలుపు మీద చెయ్యేసిన భర్త వంక చూసింది.

"మీరు వెళ్ళిరండి. నేను రాను," అంది.

"అదేంటి? ఒంట్లో బాగోలేదా?" అని విశ్వనాథరాజుగారు కంగారుపడ్డారు.

"నా ఒంటికేం? శుభ్రంగా ఉంది. ఆ చీకటి కొట్లో మాత్రం కూర్చోను."

"చీకటి కొట్టా! ఇంపాలాని పట్టుకుని..."

"మీకు ఇంపాలా. నాకు మాత్రం గుడ్డ సంచి!" ఆవిడ గొంతు లేచింది. ఆ ఇంట్లో ఆ గొంతు అంత పైకి లేవడం ఎవరూ వినలేదు. "పొద్దున్న లేస్తే కార్లు, కార్లు, కార్లు. చేలో వాళ్ళు నడుం ఎత్తి చూశారు, మద్రాసులో దొర ఆగి చూశాడు. అందరూ చూశారండీ. అందులో కూర్చున్నదాన్ని నేను చూశానా? పోనీ ఇన్నేళ్ళుగా చెప్తున్నారే, ఆ కథల్లో ఒక్కసారైనా వెనక సీట్లో నేనున్నానా?"

విశ్వనాథరాజుగారి మొహం చిన్నబోయింది. "ఘోషా నేను పెట్టానా? నాన్నగారి పద్ధతి అది."

"ఆయన పోయాక ఇంపాలా ఎన్నేళ్ళు నడిపారు? తెర తీశారా?"

"తియ్యమని నువ్వు అడగలేదుగా."

"అడగకూడదని నేర్పి మరీ కాపరానికి పంపారండి నన్ను!"

రామకృష్ణ తల వంచుకుని, తన ముచ్చటంతా పోసి కుట్టించిన తెరల్ని ఒక్కొక్కటే ఊడదీయడం మొదలుపెట్టాడు. మంజుష మామ్మగారి భుజం చుట్టూ చెయ్యి వేసి, "ఎక్కడ కూర్చుంటారు మామ్మగారూ?" అని మెల్లగా అడిగింది.

"ముందు," అంది వరలక్ష్మమ్మ. అనేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "కిటికీ పక్కన."

 విశ్వనాథరాజుగారు ముందు తలుపు బార్లా తీశారు. తనే లోపలికి వంగి, పట్టుపంచె ఎగదోసుకుని, డ్రైవరు పెద్దిరాజు పక్కకంటా జరిగి మధ్యలో కూర్చున్నారు.

"ఈ కారు గొప్పేంటో తెలుసా? ముందు సీట్లో ముగ్గురు పడతారు. గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది, కాళ్ళకి అడ్డం రాదు. రా వరలక్ష్మీ, ఎక్కు."

"తాతగారూ, మీరు మధ్యలో ఇరుక్కుపోయారండీ!" అని మంజుష నవ్వింది.

"ఇరుక్కోనీ. మీ మామ్మ అన్నేళ్ళు ఇరుక్కోలేదూ!"

ఆ మాటకి వరలక్ష్మమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కళ్ళు తుడుచుకుని ఎక్కింది. రామకృష్ణ, మంజుష వెనక సర్దుకున్నారు. "ఆయ్, పోనిద్దామా అండి?" అన్నాడు పెద్దిరాజు. ఇంపాలా కదిలింది.

కాలవగట్టు ఎక్కగానే ఆవిడ అద్దం పూర్తిగా దింపేసింది. గాలికి జుట్టు రేగింది. అయితే కాసేపట్లోనే మొహంలో వెలుగు తగ్గింది. రెండువైపులా రొయ్యల చెరువులే. నీళ్ళల్లో గిరగిరా తిరిగే ఏరేటర్లు, కరెంటు తీగలు, మేత గోడౌన్లు. తను ఊహించుకున్న దారి ఇది కాదు.

"ఇదేనా అండీ?" అని నీరసంగా అడిగింది. "ఇక్కడెక్కడో ఒక్కసారిగా చల్లబడేది. తెర వెనక కూడా తెలిసేది. ఎందుకో మరి."

"మామిడితోట. రోడ్డుకి రెండుపక్కలా. పైన కొమ్మలు కలిసిపోయి పందిరేసినట్టుండేది. చెరువులు తవ్వినప్పుడు కొట్టేశారు."

"అదా! ఆ తరవాత పిల్లలు గోలగోలగా అరిచేవారు. మనల్ని తిట్టేవారనుకునేదాన్ని."

"తిట్టడమేంటి! బడి పిల్లలు. కారు కనపడితే చాలు, మేష్టారు చెప్పినా వినకుండా బయటికి ఉరికేవారు. ఒకడైతే లాగు జారిపోతున్నా పట్టుకోకుండా చేతులూపేవాడు."

ఆవిడ పగలబడి నవ్వింది. ఎన్నడూ లేనిది, "ఊఁ, ఇంకా చెప్పండి," అంది. ఆయన చెప్తూ ఉంటే ఆవిడ అడుగుతూ ఉంది. కొబ్బరి పీచు నానిన వాసన ఎక్కడ మొదలయ్యేదో ఆవిడ చెప్పింది. ఆ పీచు నానబెట్టిన గుంటలు ఎలా ఉండేవో ఆయన చెప్పారు. ప్లిమత్ వంతెనల మీద దగ్గేదనీ, ఇంపాలా అసలు చప్పుడే చేసేది కాదనీ ఆవిడ అంటే ఆయన నోరెళ్ళబెట్టారు. ఆ సంగతి ఆయనకే తెలియదు.

కాలవ మలుపు రాగానే వరలక్ష్మమ్మ అంది. "ఇక్కడ సాయంత్రంపూట ఎప్పుడూ కారు ఆపేవారు. ఇంజన్ వేడెక్కిందని అత్తయ్యగారు అనేవారు."

విశ్వనాథరాజుగారు మలుపు వంక చూశారు.

"వేడెక్కి కాదు. ఇక్కడ పొద్దుగూకే వేళకి కొంగలు లేచేవి. చేలన్నీ తెల్లగా పైకి లేచిపోతున్నట్టుండేది. అది చూడటానికి ఆపేవాణ్ణి." ఆయన ఆవిడ వైపు తిరిగారు. "వెనక నువ్వున్నావు, నువ్వూ చూస్తే బాగుంటుందన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు వరలక్ష్మీ. ఒక్కనాడూ రాలేదు."

ఆవిడ కోపంగా ఏదో అనబోయింది. పక్కన ఎనభై ఏళ్ళ మనిషి మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, పిల్లాడిలా కళ్ళు తుడుచుకుంటుంటే అనలేకపోయింది.

"పెద్దిరాజూ, ఇక్కడ ఆపు నాయనా," అంది.

ఇద్దరూ దిగి గట్టు మీద నిలబడ్డారు. ఎదురుగా చెరువులు, వాటి మీద పరిచిన వలలు. ఆయన కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు వెతికారు. దూరంగా ఒక చెరువుగట్టు మీద నాలుగు కొంగలు నిలబడి ఉన్నాయి.

"నాలుగే ఉన్నాయే," అన్నారు సిగ్గుపడుతూ.

"నాలుగు చాలండి," అంటూ వరలక్ష్మమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఎటువైపో చూపించండి."