ఎర్రదారంతో కుట్టిన నంబరు

ఆ గురువారం ఉదయం మిఠాయి డబ్బా, బంగారు అంచు కార్డు పట్టుకుని ఆడబిడ్డ శారద గడప తొక్కేసరికి దీనమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని స్కూలు యూనిఫారాలకు కాలర్లు వేస్తోంది. తల ఎత్తింది కానీ కాలు ఆపలేదు. ఏడాదిన్నర దాటింది, ఆ మనిషి ఈ ఇంట్లో అడుగుపెట్టి! ఇప్పుడు నవ్వు మొహంతో, కొత్త చీరతో, ఏమీ జరగనట్టే వచ్చి నిలబడింది...

శారద చెప్పిన సంగతి ఇది. ఆమె కూతురు ప్రసన్నకు క్యాంపస్ సెలక్షన్‌లో మడికొండ ఐటీ పార్కు కంపెనీలో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల నుంచే ఇంటర్న్‌షిప్. కంపెనీవాళ్లు అడిగిన ప్రవర్తన సర్టిఫికెట్ మీద సోమవారం చీఫ్ వార్డెన్ హరికృష్ణ సారు సంతకం పెడతాడు. ఆదివారం ఆరాధన తర్వాత చర్చిలోనే కృతజ్ఞత కూడిక, ఆపైన భోజనాలు. ఆ సారును కూడా పిలిచింది.

"నువ్వు రాకుంటే ఎట్ల వదినె? దాన్ని ఎత్తుకొని పెంచినదానివి."

ఆ మాటకు మిషను ఆగింది. నిజమే, పెంచింది. శారద భర్త పోయినప్పుడు మూడేళ్ల పిల్లను చంకనేసుకుని ఈ ఖిలా వరంగల్ ఇంటికే వచ్చింది. నాలుగేళ్లు ఇక్కడే ఉన్నారు తల్లీకూతుళ్లు. దీనమ్మ ఒకే తానులోంచి ప్రీతికీ ప్రసన్నకూ ఒకే రకం గౌన్లు కుట్టేది. అన్నం కలిపి ఇద్దరి నోళ్లలోనూ ముద్దలు పెట్టేది. చూసినవాళ్లు కవలపిల్లలా అని అడిగితే ఆమె కాదనేది కాదు...

"వస్త," అంది దీనమ్మ. "తప్పకుండ వస్త."

లోపలి గదిలో రికార్డు పుస్తకాలు బ్యాగులో సర్దుకుంటున్న ప్రీతి ఆ గొంతు విని తల తిప్పి చూసింది. అమ్మ గొంతు అంత మెత్తగా ఉంటే ఆ పిల్లకు భయం.

శారద వెళ్లాక దీనమ్మ ఇనప్పెట్టె తెరిచి, అడుగున ఉన్న నీలం తువ్వాలు తీసింది. ఒక మూల ఎర్రదారంతో మూడంకెలు. రెండు వందల పద్నాలుగు. తన చేతి కుట్టు.

మూడేళ్ల కిందటి మాట. ఇద్దరు పిల్లలకూ మడికొండ దాటాక ఉన్న ఆ ప్రైవేటు యూనివర్సిటీలోనే సీట్లు వచ్చాయి. అక్కడ అమ్మాయిల హాస్టల్‌కు శారదే అసిస్టెంట్ వార్డెన్, దీనమ్మ భర్త సుందర్ రావు అదే యూనివర్సిటీ బస్సు డ్రైవరు. హాస్టల్లో ప్రతి పిల్లకూ ఒక లాండ్రీ నంబరు ఇస్తారు. బట్టలన్నిటి మీదా ఆ నంబరు ఉండాలి. ఇంకు గుర్తులు నాలుగు ఉతుకులకే పోతాయని దీనమ్మ దారంతో కుట్టింది. వరంగల్ చౌరస్తాలో తనూ శారదా కలిసి కొన్న తువ్వాళ్లు ఆరు. పసుపువి ప్రీతికి, నీలంవి ప్రసన్నకు. ప్రీతి నంబరు వచ్చింది. ప్రసన్న రెండో విడత కౌన్సెలింగ్‌లో చేరడంతో దాని నంబరు ఇంకా రాలేదు. తెల్లవారితే పిల్లలు వెళ్లాలి. నంబరు లేని బట్ట లాండ్రీలో తీసుకోరట. "ఇద్దరూ ఒక్కటే గదా, నంబరు వచ్చినంక మారుస్తలే" అనుకుని దీనమ్మ ఆరు తువ్వాళ్లకూ రెండు వందల పద్నాలుగే కుట్టేసింది. మార్చడం మర్చిపోయింది! కన్నబిడ్డకూ ఆడబిడ్డ కూతురికీ తేడా చూడని ఆ చెయ్యే తన బిడ్డ నెత్తిన బండ వేస్తుందని ఆనాడు ఎవరనుకున్నారు!

రెండో ఏడు చలికాలంలో హాస్టల్లో వేడినీళ్లు ఆరింటికే అయిపోయేవి. ప్రసన్న ఎక్కడో ఒక హీటరు రాడ్డు కొని, బకెట్‌లో పెట్టి నీళ్లు కాచుకుని, నీలం తువ్వాల్లో చుట్టి వరండా మూలన దాచేది. ఒక ఉదయం ప్లగ్గు తీయకుండానే చుట్టేసి స్నానానికి వెళ్లింది. తువ్వాలు రాజుకుంది, వైర్లు అంటుకున్నాయి, వరండా అంతా పొగ. ఊపిరాడక ఒక ఫస్టియర్ పిల్ల రెండు రోజులు దవాఖానలో ఉంది. విచారణలో హరికృష్ణ సారు సగం కాలిన మూట చూపించి నంబరు ఎవరిదని అడిగాడు. లాండ్రీ రిజిస్టరు తిప్పి పేరు చదివింది శారద. "ప్రీతి."

తువ్వాలు ఎవరిదో ఆమెకు తెలుసు. తనే ఆ రంగు ఏరింది! అయినా చదివింది. ప్రీతిని రెండు సెమిస్టర్లు సస్పెండ్ చేశారు.

ఆనాడు పెట్టెతో ఇంటికొచ్చిన బిడ్డను పట్టుకుని దీనమ్మ ఎందుకు నోరు విప్పలేదని అడిగితే ఆ పిల్ల ఒక్కటే మాట అంది. "అత్తమ్మ చెప్తదనుకున్న అమ్మా."

ఆ మాట దీనమ్మ గుండెలో ముల్లులా దిగిపోయింది. ఒకే నంబరు కావడంతో లాండ్రీ నుంచి ప్రీతి బట్టల్లోకి వచ్చేసిన ఇంకో నీలం తువ్వాలు పట్టుకుని శారద క్వార్టర్స్‌కు పరుగెత్తింది. శారద తలుపు వేసి, మెల్లగా, నంబరు కుట్టింది నువ్వే కదా అంది. నిజం బయటికొస్తే వార్డెన్ కూతురే తప్పు చేసిందని తన ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, ప్రీతికైతే తల్లీతండ్రీ ఉన్నారు కదా అంది. సుందర్ రావు కూడా చెల్లెలి వైపే మాట్లాడాడు. మొగుడు లేనిదాన్ని రోడ్డు మీదికి లాగొద్దు, ఇంటి మాట ఇంట్లోనే ఉండనీ అన్నాడు. దీనమ్మ నోరు మూసుకుంది. మూసుకుని, ఏడాదిన్నరగా లోపల కాలుతూనే ఉంది... ఇప్పుడు ప్రసన్న ఫైనలియర్. ప్రీతి తనకన్నా చిన్నవాళ్ల మధ్య చివరి బెంచీలో మూడో ఏడు చదువుతోంది. ఇక హాస్టల్ వద్దని తండ్రి నడిపే బస్సులోనే వెళ్లొస్తోంది. "ఆ రాడ్డు పిల్ల" అని వెనక నవ్వుతారట. ఆ సంగతి బిడ్డ చెప్పలేదు. బస్సు అద్దంలో చూసిన తండ్రి చెప్పాడు, చెప్పి అన్నం తినకుండా లేచిపోయాడు.

కృతజ్ఞత కూడికలో సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరైనా లేవవచ్చు, దేవుడు చేసిన మేలు చెప్పవచ్చు. లేచినవాళ్లను పాస్టరుగారు కూడా కూర్చోమనరు. చెప్పేది పూర్తయ్యేదాకా సంఘమంతా వినాల్సిందే. ముందు వరసలో హరికృష్ణ సారు ఉంటాడు. మర్నాడే సర్టిఫికెట్ మీద సంతకం... దీనమ్మకు ఆ మూడు రోజులూ అన్నం రుచిగా అనిపించింది! మిషను తొక్కుతూ ఏ మాట ముందు చెప్పాలో, శారద మొహం ఏ రంగు తిరుగుతుందో, తల్లి పక్కన ప్రసన్న ఎలా ముడుచుకుపోతుందో ఊహించుకుంది. పెంచిన పిల్ల అన్న జాలి వచ్చినప్పుడల్లా బస్సు చివరి సీట్లో తల దించుకున్న తన బిడ్డను తలచుకుంది. జాలి ఆరిపోయేది.

ఆదివారం చర్చికి బయలుదేరుతుంటే బైబిల్ సంచిలో తువ్వాలు సుందర్ రావు కంట పడింది. అతనికి అర్థమైంది. గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దే. జర ఆలోచించు. అది నా తోడబుట్టింది."

"ఇది నీ కడుపున పుట్టింది," అంది దీనమ్మ ప్రీతిని చూపించి. "రెంటిల ఏదో ఒకటి చూసుకో."

అతను పక్కకు తప్పుకున్నాడు. ప్రీతి మాత్రం తల్లి ముందుకొచ్చింది. ఏడుస్తుందనుకుంది దీనమ్మ, కాళ్లు పట్టుకుంటుందనుకుంది. ఆ పిల్ల ఏడవలేదు.

"నేను వద్దనను అమ్మా. చెప్పు. నాకు గూడ చెప్పాలనే ఉన్నది. గని సాక్ష్యం అంటే సగం చెప్పుడు కాదు గద. ఆ నంబరు ఎవరు కుట్టిన్రో అది గూడ చెప్పు."

దీనమ్మ సంచిలో చెయ్యి పెట్టి ఆ కుట్టును వేళ్లతో తడిమింది. ఏడాదిన్నరగా శారద పాపాన్ని రోజూ లెక్కపెట్టుకుంది కానీ, తన చేతి కుట్టును ఒక్కసారైనా ఆ పక్కన పెట్టి చూసుకోలేదు... మార్చడం మర్చిపోయింది తనే. భర్త మాటకు తల ఊపి, బిడ్డను చివరి బెంచీలో కూర్చోబెట్టిందీ తనే.

చర్చిలో పాటలయ్యాయి. ప్రసన్న తెల్ల చుడీదార్‌లో తల్లి పక్కన కూర్చుని ఉంది. శారద లేచి, దిక్కులేని తమను దేవుడు ఎలా నిలబెట్టాడో చెప్పి కళ్లు తుడుచుకుంది. ఇంకెవరైనా ఉన్నారా అని పాస్టరుగారు అడిగారు. దీనమ్మ లేచింది. ముందుకు నడిచి, సంచిలోంచి తువ్వాలు తీసింది. శారద చేతిలో పాటల పుస్తకం మూసుకుపోయింది.

"నా సాక్ష్యం నా తప్పుతోనే మొదలైతది," అంది దీనమ్మ. మూడు రోజులు వల్లె వేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "ఈ నంబరు నా బిడ్డది. తువ్వాలు నా బిడ్డది కాదు. ఇద్దరు పిల్లలు ఒక్కటే అనుకొని ఒక్కటే నంబరు కుట్టిన. ఆ కుట్టు జూసి నా బిడ్డను ఏడాది ఇంట్ల కూసోబెట్టిన్రు. నాకు తెల్సు. తెల్సి గూడ ఇన్నాళ్లు నోరు మూసుకున్న. నా బిడ్డకు అన్యాయం చేసినోళ్లల్ల నేనే మొదటిదాన్ని. రెండోది ఎవరో నేను చెప్ప. తువ్వాలు ఎవరు కొన్నరో, దాంతోని ఎవరు మొహం తుడుచుకున్నరో వాళ్లకు తెల్సు."

నాలుగడుగులు వేసి, తువ్వాలు శారద ఒళ్లో పెట్టి, వెనక్కి వచ్చి కూర్చుంది. శారద ఆ మూల మీద అరచెయ్యి వేసి కప్పింది. అప్పుడు పక్కనుంచి ప్రసన్న లేచింది. తల్లి చుడీదార్ పట్టి కిందికి లాగింది. ఆ పిల్ల కూర్చోలేదు.

"నాదే ఆ తువ్వాలు. రాడ్డు గూడ నాదే సార్." హరికృష్ణ సారు వైపు తిరిగి చెప్పింది. ఆ తర్వాత ప్రీతి వైపు చూసింది.

ఆ క్షణం కోసమే దీనమ్మ ఏడాదిన్నర బతికింది. శారద మొహం పాలిపోవడం తనివితీరా చూసింది. సంతోషమే కలిగింది, అబద్ధమెందుకు! తను కుట్టిన గౌన్లు తొడుక్కుని పెరిగిన పిల్ల అలా ఒంటరిగా నిలబడితే కళ్లు తిప్పుకుంది. అయినా లేచి వెళ్లలేదు. వెళ్లింది ప్రీతి. ప్రసన్న పక్కన నిలబడింది. చెయ్యి పట్టుకోలేదు, ఓదార్చలేదు. ఊరికే పక్కన నిలబడింది.

సోమవారం సంతకం పడలేదు. శారద జరిగినదంతా ఒప్పుకుంటూ తన చేత్తోనే కాగితం రాసిచ్చింది. ప్రసన్న ఆఫర్ పోయింది. శారదను ఉద్యోగం నుంచి తీసేసి, వారంలో క్వార్టర్స్ ఖాళీ చేయమన్నారు. ప్రీతి ఫైలులోంచి సస్పెన్షన్ కొట్టేశారు. ఆ పోగొట్టుకున్న ఏడాది మాత్రం ఏ ఫైలులోంచీ తిరిగి రాలేదు. చివరి బెంచీ చివరి బెంచీగానే ఉంది.

ఎనిమిదో రోజు పొద్దున సుందర్ రావు డ్యూటీ మీద ఉండగా గడప ముందు ఆటో ఆగింది. రెండు సూట్‌కేసులు, ఒక స్టవ్వు. శారద దిగింది, వెనక తల వంచుకుని ప్రసన్న. పద్దెనిమిదేళ్ల కిందట ఇలాగే దిగారు...

"ఎక్కడికి పోవాల్నో తెల్వలే వదినె," అంది శారద. చేతిలో ఆ నీలం తువ్వాలు మడతపెట్టి ఉంది.

దీనమ్మ వచ్చి గడపలో నిలబడింది. లోపలికి రమ్మనలేదు. పొమ్మనలేదు. ప్రసన్నను మాత్రం లోపలికి పంపించి, అన్నం పెట్టమని ప్రీతికి చెప్పింది. తర్వాత మిషను సొరుగులోంచి సన్నటి బ్లేడు తెచ్చి శారద చేతిలో పెట్టింది.

"ముందుగాల ఆ నంబరు విప్పు. నీ చేత్తోనే విప్పు. తర్వాత లోపలికి రా."

శారద మెట్టు మీద కూలబడి, ఎర్రదారం వెతుక్కుంటూ విప్పసాగింది. రెండు పోయింది. ఒకటి పోయింది. నాలుగు దగ్గర బ్లేడు ఆగిపోయింది. కన్నీళ్లకు కుట్టు కనిపించడం లేదు. దీనమ్మ మిషను దగ్గర్నించి లేచి వచ్చి, ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుని, తువ్వాలు రెండో అంచు పట్టుకుని బిగువుగా లాగింది.

"అది రెండుసార్లు వేసిన కుట్టు. జర మెల్లగ," అంది. "దారం తెగితే తెగనియ్యి. బట్ట చినగొద్దు."