తలుపు మీద చందమామ

ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు తను కళ్లు తిరిగి పడిపోతే, పక్కన పాప ఒక్కతే మిగిలిపోతే, ఆ సంగతి ఎవరికీ తెలియకపోతే? ఎస్సైకి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఇదే.

కత్తి పట్టుకున్నవాడికి ఎదురెళ్లిన మనిషి. ఎనిమిది నెలల పాపకు పాలు పట్టే ముందు మాత్రం వెళ్లి వీధి తలుపు గడియ తీసి వస్తుంది. ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే నవ్వుతారు.

బుధవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి స్టేషన్‌కి ఫోన్ వచ్చింది.

ఊరి చివర కొత్త కాలనీ. కింది పోర్షన్. టైలరమ్మ చనిపోయింది. రెండు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదని ఆమె అక్క చూడటానికి వచ్చింది. తలుపు తీసింది ఐదేళ్ల కూతురు. "అమ్మ నిద్రపోతోంది పెద్దమ్మా, మెల్లిగా మాట్లాడు," అందట.

ఎస్సై గదిలోకి వెళ్లింది.

కుట్టు మిషన్. దాని పక్కన నేల మీద టైలరమ్మ. కణత దగ్గర దెబ్బ. మిషన్ బల్ల అంచున ఎండిన నెత్తురు. పక్కకు ఒరిగిన స్టూలు. ఒంటి మీద ఎవరో దుప్పటి కప్పారు. చిన్న దుప్పటి, మోకాళ్లు దాటలేదు.

"చంపి, మళ్లీ దుప్పటొకటి కప్పాడు," అంది అక్క. "వాడికి ఉరి పడేదాకా నేను నిద్రపోను. పిల్లకి నాన్న అనే మాటే లేకుండా చేస్తాను."

పాప గుమ్మం దగ్గర బూట్లు వేసుకుని నిలబడింది. ఒక జడకు ఎర్ర రిబ్బను ఉంది. రెండో జడ రిబ్బను లేక ఊడి వేలాడుతోంది.

భర్త గోడౌన్‌లో నైట్ డ్యూటీ చేస్తాడు. ఆరడుగుల మనిషి. హాల్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"మంగళవారం ఎన్నింటికి ఇంటికొచ్చారు?"

"ఏడుంపావుకి."

"తర్వాత?"

"టాబ్లెట్ వేసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నా. మూడింటికి లేచా."

"ఆమెని చూశారా?"

"లేదు. చందమామ తన తలుపుకి ఉంది."

ఆ ఇంటి పద్ధతి అప్పుడు తెలిసింది. పెళ్లయిన కొత్తలో భర్త పగటి నిద్ర చెడకూడదని ఆమే నీలం గుడ్డ మీద తెల్ల దారంతో చందమామ కుట్టింది. అది ఏ తలుపుకుంటే ఆ తలుపు తట్టకూడదు. పాపకు మాటలు రాగానే నేర్పిన మొదటి క్రమశిక్షణ అదే.

"ఉదయం నా తలుపు మేకుకి నేనే తగిలించా. లేచేసరికి తన తలుపుకి ఉంది. నన్ను దెప్పడానికే అనుకున్నా."

"అడగలేదా?"

"మేం మాట్లాడుకుని పదకొండు రోజులైంది మేడమ్."

ఏం కావాలన్నా చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటించేవారట. ఆ సాయంత్రం ఆరింటికి అతను డ్యూటీకి వెళ్లిపోయాడు. బుధవారం పొద్దున వచ్చి, పాపకు బ్రెడ్డు పెట్టి, మళ్లీ పడుకున్నాడు. అమ్మ లేచిందా అని పాపనే అడిగాడు. లేదంది.

పై పోర్షన్ పెద్దావిడ మంగళవారం పొద్దున ఎనిమిదీ నలభైకి దభీమని చప్పుడు విందట. టీవీలో వార్తలు మొదలైన టైం కాబట్టి గుర్తు. "మరి కిందికి రాలేదేం?" అని ఎస్సై అడిగింది.

"వాళ్లు మాటలు మానేశాక మాకు చెవులకి సుఖంగా ఉంది తల్లీ. మళ్లీ మొదలెట్టారు కాబోలని టీవీ సౌండు పెంచాను," అందామె. అన్నాక తనే తల దించుకుంది.

గురువారం డాక్టర్ రిపోర్ట్ వచ్చింది. దెబ్బ ఒక్కటే. పెనుగులాట గుర్తులు లేవు. ప్రాణం పోయింది మంగళవారం సాయంత్రం. కానిస్టేబుల్ రిమాండ్ కాగితాలు సిద్ధం చేశాడు. "మొగుడు ఇంట్లోనే ఉన్నాడు, గొడవలున్నాయి, ఇంకేం కావాలి మేడమ్?" అన్నాడు.

ఎస్సై టైలరమ్మ గది తలుపు ఫొటో చూస్తోంది.

శుక్రవారం పదకొండింటికి భర్తనీ, అక్కనీ, పై పోర్షన్ పెద్దావిడనీ హాల్లో కూర్చోబెట్టింది. పాపను మేడ మీద ఆడుకోమని పంపించింది. చందమామ గుడ్డ బల్ల మీద పెట్టింది.

"దీన్ని తగిలించే దారం తెగిపోయింది. మేకుకి తగిలించలేక తలుపు హ్యాండిల్‌కి ఎర్ర రిబ్బనుతో కట్టారు. మిషన్ దగ్గర సూదీ దారం పెట్టుకుని ఏ టైలరైనా తెగిన గుడ్డని ఇలా కడుతుందా? రెండు కుట్లు వేస్తే అయిపోతుంది. అంటే ఇది ఆమె కట్టలేదు."

"వీడే కట్టాడు," అంది అక్క.

"ఈయనకి మేకు అందుతుంది. హ్యాండిల్ దాకా వంగాల్సిన పనేముంది? ఈ ముడి చూడండి. బూట్ల లేసు ముడి. పాప బూట్లకి ఉన్నది ఇదే. ఈ నెలే బళ్లో నేర్పారట."

పాప నిన్న తనకు చెప్పిందంతా ఎస్సై మెల్లిగా చెప్పింది. అమ్మ కింద పడుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. నిద్రపోతోందనుకుని తన దుప్పటి కప్పింది. నాన్న తలుపు మీది చందమామను అందుకుని లాగితే తెగింది. జడ రిబ్బను విప్పి కట్టింది. అమ్మను ఎవరూ లేపకూడదని రెండు రోజులు కాపలా కాసింది.

"మరి దెబ్బ?" అంది అక్క.

ఎస్సై ఫ్రిజ్ మీది చీటీ తీసి చూపించింది. *స్టూలు కాలు ఊగుతోంది. పై అరలో దారాలు తీయలేకపోతున్నా.* కింద భర్త రాత, *చూస్తాను*. తొమ్మిది రోజుల కిందటిది.

"ఆ కాలి స్క్రూ మిషన్ కింద దొరికింది. ఇది హత్య కాదు. మిమ్మల్ని అరెస్ట్ చేయడానికి నా దగ్గర సెక్షన్ లేదు."

అతను చీటీ వైపే చూస్తున్నాడు.

"సాయంత్రం దాకా ప్రాణంతో ఉందా మేడమ్?"

"ఉంది."

"నేను లేచింది మూడింటికి."

అక్క లేచి, అతని ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టింది.

ఎస్సై బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసింది. నాలుగో రింగుకి అత్తగారు ఎత్తారు. వెనక తన పాప ఏడుపు వినబడింది. ఏడుపు విని అంత సంతోషపడటం ఆమెకదే మొదలు.

చదివేవాళ్లకో మనవి. మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ మీతో మాటలు లేని మనిషి ఉంటే, పుస్తకం అక్కడ పెట్టి ఇప్పుడే వెళ్లి తలుపు తట్టండి. నిద్ర చెడితే చెడనివ్వండి. తిడితే తిట్టించుకోండి. గొంతు విన్నాకే వెనక్కి రండి.