దేవదూత చుట్టూ అంకెలు

"అంచున ఆ అంకెలు కనిపించకుండా కప్పమన్నానా, లేదా?"

మధులిక అరుపుకి గల్ఫ్ నగరమైన మనామాలో ఓ సందులోని ఫ్రేముల షాపులో రంపం ఆగిపోయింది. ఫ్రేములు కట్టే నర్సింగ్ మాత్రం తలెత్తలేదు. మూడు నెలలుగా వీళ్ళిద్దరూ ఉప్పూ నిప్పూ. ఫోన్లో తేలిపోయే పనికి కూడా ఆమె స్వయంగా వచ్చి మరీ పోట్లాడేది.

పనిచేసే గ్యాలరీలో ఆమె ఏర్పాటు చేస్తున్న మొదటి ఎగ్జిబిషన్ ఆ సాయంత్రమే. బల్ల మీదున్నది నాలుగు వందల ఏళ్ళ నాటి ఇటలీ సిరా బొమ్మ. చర్చి బలిపీఠం మీద నిలిపే పెద్ద చిత్రం కోసం బరోక్ కాలపు చిత్రకారుడెవరో ముందుగా కాగితం మీద గీసుకున్న దేవదూత. అంచుల్లోని అంకెలు పాత యజమాని పిచ్చిరాతలని ఆమె లేబుల్ కూడా రాసేసింది. వాటిని బొమ్మ చుట్టూ వేసే అట్టతో కప్పమంటే, ఈ పెద్దమనిషి అట్ట మధ్య కంత వెడల్పుగా కోసి అన్నీ బయటపెట్టాడు.

"గవి పిచ్చిరాతలు కావు మేడం, గళ్ళ నంబర్లు. సూడుండ్రి, బొమ్మ మీద సన్నగ గీతలున్నయి. జగిత్యాల్ల గోడల మీద దేవుండ్ల బొమ్మలు నేను గిట్లనే ఏసేటోణ్ణి. చిన్న గడిలున్నది పెద్ద గడిల గీసుడే."

"నాకు పాఠాలు చెప్తున్నావా?"

అంటూనే వంగి చూసింది. ఒక్కో అంకె దగ్గర్నుంచీ ఒక్కో గీత, దేవదూత రెక్కల మీదుగా అవతలి అంచుదాకా. ఆమెకి ఒళ్ళు మండిపోయింది, ఈసారి తన మీదే.

"ముందే చెప్పి చావొచ్చుగా!"

"మూడుసార్లు జెప్పిన. నీ కోతేదో నువ్వు చూసుకో అన్నరు." ఇప్పుడు నర్సింగ్ గొంతూ లేచింది. "మీరన్నట్టే కోస్తే, తెల్సినోడెవడన్న అచ్చి అందరి ముంగట మిమ్మల్ని జూసి నవ్వుతడు. నా నౌకరి పోతే పోనీ, గది మాత్రం నేను సూడలేను."

అతని కోపంలో ఉన్నదేమిటో మధులికకి అర్థమైంది. తన కోపంలోనూ మూడు నెలలుగా ఉన్నది అదే.

వెంటనే గ్యాలరీ మేనేజర్ సూర్యప్రభకి ఫోన్ చేసింది. "మేడం, లేబుల్ తప్పు రాశాను, మార్చి తెస్తాను. అసలు సంగతి కనిపెట్టింది ఫ్రేములు కట్టే నర్సింగ్. అతని పేరు కూడా వేస్తాను." అవతలి చీవాట్లన్నీ విని, ఫోన్ పెట్టేసి, పెన్ను తీసింది.

"నీ ఇంటిపేరేంటి?" కసిరినట్టే అడిగింది.

"లేబుల్‌కా మేడం?"

"లేబుల్‌కి నర్సింగ్ చాలు." ఆమె మొహం ఎర్రగా కందిపోయింది. "ఇంటిపేరు నాకు కావాలి. ఇంకోసారి మేడం అన్నావో, చంపేస్తా!"