ఐదో గదిలో దీపం

చీకటి పడ్డాక మన బడి వెనక దారిన ఎవరూ నడవరు, పంతులమ్మా. మీరు కొత్తగా వచ్చారు కాబట్టి మీకు తెలీదు. పాలు పోసే ఆయన చుట్టూ తిరిగి పోతాడు గానీ, ఆ చివరి గది పక్క నుంచి పోడు.

తాళం వేసిన గదిలో దీపం కనిపిస్తుందంట... ఆ వెనకే గోకుతున్న చప్పుడు. గోళ్ళతో గోడ గోకినట్టు. కాసేపటికి అదీ ఉండదు.

లెక్కల మాస్టారి దెయ్యం అన్నారు. ఎప్పుడో ఆ చివరనున్న ఆరో గదిలోనే, పాఠం చెబుతూ చెబుతూ కుప్పకూలిపోయాడాయన. బతికున్నన్నాళ్ళూ ఒక్క రోజు సెలవు పెట్టని మనిషి, చచ్చాక మాత్రం పెడతాడా అని నవ్వేవాళ్ళు. నవ్వేది పగలే.

ఇప్పుడు ఆరో గది కూలిపోయింది కదా. దీపం ఐదో గదిలో కనిపిస్తోందంట. ఇల్లు కూలితే పక్కింట్లో అద్దెకి దిగినట్టు, మాస్టారు గది మారాడని చెప్పుకుంటున్నారు.

ఇది నిజమేనా అని మొన్న మీరు నన్నడిగారు. రోజూ ఊడ్చేదాన్ని, నాకు తెలిసుంటుందని. నేను చీపురు పట్టుకుని వెళ్ళిపోయాను. మొహం చూసి చెప్పలేను. అందుకే మా మనవరాలి చేత ఈ ఫోనులో రికార్డు నొక్కించుకుని చెప్తున్నా. మధ్యలో మాట ఆగితే ఏమీ అనుకోకండి.

మా ఆయన పోయి నలభై రెండు రోజులు. బడికి కాపలా మనిషి. ఏడుపు రాలేదు నాకు. ఇప్పటికీ రావట్లేదు. మూడు కంచాలు పెడుతున్నా... ఒకటి అలాగే తీసి కడిగి బోర్లిస్తున్నా.

సరే. గోడ సంగతి చెప్తా.

ఆరో గది గోడకి బీట ఉండేది. ముందు దారమంత. తర్వాత వేలు పట్టేంత. పెద్ద మాస్టారు, అదే మీ ముందు చేసినాయన, బాగు చెయ్యడానికి డబ్బివ్వండని ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగదీశాడు. చివరికి ఇంజనీరు వచ్చాడు. మేస్త్రిని పిలిచి ఆ బీటకి అడ్డంగా గాజు ముక్కలు పెట్టించాడు. రెండు కొసలా సిమెంటు ముద్ద, మధ్యలో పల్చటి గాజు. దాని మీద రంగుతో తేదీ రాశాడు. ఐదో గదిలోనూ అలాగే ఒకటి.

పోతూ పోతూ మా ఆయనతో అన్నాడంట... "జాగ్రత్త. ఈ గాజుకేమన్నా అయితే నిన్నే అడుగుతా."

అంతే అన్నాడు. జీపెక్కి వెళ్ళిపోయాడు.

నెల నెలా వచ్చేవాడు. గాజు చూసేవాడు. చెక్కు చెదరలేదు. "గోడ కదలట్లేదు, పాత బీట. ఇంతకన్నా అధ్వాన్నంగా ఉన్న బళ్ళు చాలా ఉన్నాయి" అని రాసుకుని పోయేవాడు. బీటలో మాత్రం నా చెయ్యి దూరేది. ఊడ్చేటప్పుడు దూర్చి చూశాను నేను.

మేస్త్రికి అనుమానమొచ్చింది. "గోడ నోరు తెరుస్తోంది, గాజు విరగట్లేదు. నా చేత్తో పెట్టిన గాజు నాకే అబద్ధం చెప్తోంది వదినా" అనేవాడు. ఓ రోజు పెద్ద మాస్టారిని అడిగి, పొద్దుగూకకముందే ఆరో గదిలో దూరి బెంచీల వెనక కూర్చున్నాడు.

ఇక్కణ్ణించి వాడు చెప్పిందే చెప్తున్నా.

వాన పడుతోందంట. కప్పు నుంచి బొట్టు... బొట్టు... ఎప్పుడో అర్ధరాత్రి, గోడ మీద 'టిక్' మంది. ఎముక విరిగినట్టు. ఎవరూ ముట్టుకోలేదు. ఎవరూ లేరు.

ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తాళం చప్పుడు కూడా వినపళ్ళేదంట. తలుపు మాత్రం... దానంతటదే తెరుచుకుంది.

ఒక దీపం లోపలికొచ్చింది. దాని వెనక తెల్లగా ఒక ఆకారం. తల తెల్లగా... చేతులు తెల్లగా... మొహమే లేదు. బెంచీ ఎక్కింది. గోడకి చెంప ఆనించి నిలబడింది. గోకుతోంది... గోకుతోంది...

గోడతో మాట్లాడింది కూడానంట. గొణుగుతున్నట్టు — "ఉండు తల్లీ... ఉండు... పొద్దున్నదాకా ఉండు..."

మేస్త్రి మూడంతస్తుల పరంజా మీద బీడీ కాల్చుకునే మనిషి. అలాంటివాడు పాక్కుంటూ తలుపు దాకా వచ్చి, లేచి పరుగో పరుగు. చెప్పులు లోపలే వదిలేశాడు.

తెల్లారి బడి మెట్ల మీద కూర్చునున్నాడు. "ఉంది వదినా. కళ్ళారా చూశా."

"తాగావా?"

"మా పిల్లల మీద ఒట్టు."

పాదంలో ఏదో గుచ్చుకుంది తియ్యమన్నాడు. పిన్నీసుతో తీశాను. గాజు పెంకు. ఒక పక్క రంగు అంటుకుని ఉంది. ఆకుపచ్చ రంగు.

నా కూతురి రిబ్బను రంగు.

నా కూతురు... ఈ మనవరాలి తల్లి... ఎప్పుడో పోయింది. ఇంట్లో ఒక్కటే ఫోటో. అంతకు నెల ముందు చూస్తే ఫ్రేముకి అద్దం లేదు. ఏమైందంటే, తుడుస్తుంటే పగిలిందన్నాడు మా ఆయన. చెమ్మకి ఫోటో అద్దానికి అతుక్కుపోయి, తీసినప్పుడు రిబ్బను కొస ఊడొచ్చినట్టుంది.

పెంకు కొంగున ముడేసుకున్నాను. మేస్త్రికి చెప్పలేదు.

"అసలు ఆ గాజు విరిగితే ఏమవుతుంది?" అనడిగాను.

"విరగాలి వదినా! విరిగితేనే గోడ కదులుతోందని లెక్క. విరిగితేనే డబ్బొస్తుంది. దాన్ని పెట్టిందే విరగడానికి."

ఆ మాట మా ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు, పంతులమ్మా. రెండేళ్ళు.

ఆ రాత్రి అన్నం పెట్టి, పెంకు తీసి కంచం పక్కన పెట్టాను. ఆయన చూశాడు. తింటూనే ఉన్నాడు.

"పెట్టిన వారానికే విరిగిందే. నన్నే అడుగుతానన్నాడుగా. కిటికీ అద్దాల ముక్కలుంటే కోసి పెట్టా. మళ్ళీ విరిగింది. మళ్ళీ పెట్టా. ముక్కలయిపోతే... పిల్ల ఫోటోది తీశా."

వేలిముద్ర మనిషి. మరి తేదీ? పాత ముక్క పక్కన పెట్టుకుని, అంకెల్ని చూసి చూసి బొమ్మలా గీసేవాడంట. ఇంజనీరే తన రాతనుకున్నాడు.

"అది విరగాలంటయ్యా. విరిగితేనే బాగు చేస్తారంట."

నమిలేవాడు ఆగిపోయాడు. 

"ఇన్నాళ్ళూ ఎవడు అతికించాడని అడగరా?"

"అడుగుతారు."

"ఇంకో మూడు నెలల్లో రిటైరవుతున్నానే. పింఛను పోతే పిల్లనెలా సాకుతాం?"

చెయ్యి కడుక్కున్నాడు. నేను దీపం తగ్గించాను. ఇద్దరం పడుకున్నాం. చెప్పేద్దామని ఆయన అనలేదు, నేనూ అనలేదు.

ఆ తర్వాత పదకొండో రోజు రాత్రి గోడ పడింది.

ఆయన కిందే ఉన్నాడు. గాజు పెట్టడానికి వెళ్ళాడో, తీసి పారేసి విరిగింది విరిగినట్టు ఉంచడానికి వెళ్ళాడో... నాకు తెలీదు. చేతిలో సిమెంటు ఉందా అని చూశాను. ఒళ్ళంతా సున్నమే. ఏం తెలుస్తుంది?

కాపలా తిరుగుతూ పోయాడని రాశారు. పింఛను నాకొస్తుందన్నారు. ఆరో గదికి డబ్బు వారంలో మంజూరైంది. ఐదో గదికి అక్కర్లేదన్నారు. గాజు బాగానే ఉంది కదా, గోడ మంచిదేనని. ఆరో గది పిల్లల్ని తీసుకొచ్చి ఐదో గదిలో కూర్చోబెట్టారు.

మా మనవరాలు గోడ పక్క బెంచీ.

నిన్న సాయంత్రం జడలిప్పుతుంటే దువ్వెనకి తెల్లగా పిండి రాలింది. "ఇదేంటే?" అన్నాను.

"గోడ నుంచి రాలుతోంది అమ్మమ్మా. అయినా ఏం కాదులే, గాజు విరగలేదుగా. ఇంజనీరుగారే చెప్పారు."

నవ్వింది. తలంతా సున్నం. వాళ్ళ తాతయ్యని తీసినప్పుడు ఉన్నట్టే ఉంది.

పంతులమ్మా... ఆయన పోయి నలభై రెండు రోజులు. మరి ఐదో గది గాజు ఇన్నాళ్ళూ ఎందుకు విరగలేదని ఎవరూ అడగలేదు.

పిల్ల ఫోటో అద్దంలోంచి ఆయన కోసి పెట్టిన ముక్కలు పెట్టెలో గుడ్డమూటలో ఉండిపోయాయి. అన్నిటి మీదా తేదీ గీసే ఉంది. తాళంచెవి నా దగ్గరే. గడియకి నూనె రాసేవాడు, చప్పుడు రాదు. గాజు విరిగితే కొత్తదీ పాతదీ పోల్చి చూస్తారు, ఆయన చేసింది బయటపడుతుంది, కాపలా తిరుగుతూ పోయినవాడు కాస్తా దొంగవుతాడు, పింఛను ఆపేస్తారు... అనుకున్నాను. నాలుగు సార్లు వెళ్ళాను. జనం చూసిన దీపం నాదే.

బెంచీ ఎక్కి గోడకి చెంప ఆనిస్తే లోపల ఏదో నడుస్తున్నట్టుంటుంది. ఉండు తల్లీ అని నా నోటెంటే వచ్చేది. ఎవరూ నేర్పలేదు.

మూటలో ఇంకొక్క ముక్క ఉంది. పొద్దున తెచ్చి మీ బల్ల మీద పెడతాను. ఇంజనీరుకి చూపించండి. పింఛను ఆపుకుంటే ఆపుకోమనండి.

ఇందాక వాన మొదలైంది. ఇక్కడ కూర్చుంటే బడి కనిపిస్తుంది. దీపం లేదు.

ఇవ్వాళ నేను వెళ్ళలేదమ్మా. పొద్దున్నే, గంట కొట్టకముందే, మీరొక్కరే వెళ్ళి ఆ గాజు చూడండి. పిల్లల్ని మాత్రం లోపలికి పంపకండి.