నాలుగో చెరువు తువ్వాలు

మా తమ్ముడు యుగంధర్ పెరట్లో సంపు కడుగుతున్నాడు. చీపురు గీకుతున్న చప్పుడు వంటింట్లోకి వినిపిస్తోంది. నరసాపురంలో మా వీధి నీళ్లకి ఉప్పు ఎక్కువ, అప్పుడప్పుడూ నీళ్లన్నీ తోడేసి కడక్కపోతే అడుగున తెల్లగా పేరుకుపోతుంది. వాడు పైకొచ్చేలోపు ఈ సంగతి చెప్పేస్తాను. వాడి ముందు పల్లంరాజు గారి పేరెత్తితే అన్నం ముందు నుంచి కూడా లేచిపోతాడు.

నా పేరు సత్యవాణి. నా ఉద్యోగం ఏంటని ఎవరైనా అడిగితే మా అమ్మ, "కంప్యూటర్లకి అద్దె ఇళ్లు చూసిపెడుతుందండి" అని చెబుతుంది. నవ్వకండి, పెద్ద తప్పేం కాదు. క్లౌడ్‌లో సర్వర్ అంటే అంతే. ఎక్కడో ఊరు కాని ఊళ్లో అద్దెకిచ్చే కంప్యూటర్. నేనిక్కడ కూర్చుని దాన్ని లేపుతాను, సామాను సర్దుతాను, జబ్బు చేస్తే చూస్తాను, అవసరం తీరాక చెరిపేస్తాను. చెరిపేసింది మళ్లీ లేవకూడదు.

భీమవరం అవతల పల్లంరాజు గారి రొయ్యల చెరువులన్నిటికీ నేను పెట్టిన సర్వరే దిక్కు. రొయ్యల చెరువులో నీళ్లని చిలకడానికి రెక్కల చక్రాలుంటాయి, ఏరేటర్లంటారు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గినప్పుడు అవి తిరక్కపోతే పంట మొత్తం తెల్లగా తేలిపోతుంది. ఎప్పుడు తిరగాలో సర్వర్ చెబుతుంది. లేదంటే రాజుగారు ఎక్కడున్నా ఫోన్‌లో నొక్కితే చాలు. పనివాళ్లు మోటార్లు ఆపేసి పడుకుంటున్నారని ఆయనకి అనుమానం. అందుకని గట్ల మీదున్న చేతి స్విచ్చిలన్నీ పీకించేశారు. ఖాళీ పెట్టెలు మాత్రం మిగిలాయి.

ఆ పెట్టెలకి ఒక కట్టుబాటుంది. చెరువులోకి దిగే మనిషి తన తువ్వాలు తీసి పెట్టె మీద వేసి దిగుతాడు. తువ్వాలుంటే నీళ్లలో మనిషున్నాడని అర్థం. ఎంత కొంపలంటుకున్నా ఆ మోటారు జోలికి ఎవరూ వెళ్లరు. పైకొచ్చినవాడు తన తువ్వాలు తనే తీసుకోవాలి, ఇంకొకరు తీయకూడదు.

ఫోన్‌కి తువ్వాలేం కనబడుతుంది?

పోయినేడు గంగయ్య అనే పెద్దాయన ఎర్రగళ్ల తువ్వాలు పెట్టె మీద వేసి, నాచు తీయడానికి నాలుగో చెరువులో దిగాడు. రాజుగారు ఏదో పెళ్లి పందిట్లో కూర్చుని ఫోన్ నొక్కారు. రెక్కల్ని తిప్పే ఇనప కడ్డీకి గంగయ్య పంచె చుట్టుకుంది, రెక్కలు కాళ్లని నమిలేశాయి. తోటివాళ్లు ఆపుదామని పరిగెత్తితే పెట్టెలో స్విచ్చి లేదాయె. రాళ్లు పెట్టి పెట్టెని బాదారు. ఫోన్ చేస్తే బాజాల్లో ఆయనకి వినబడలేదు. మోటారు ఆగేసరికి గట్టు వారంతా ఎర్రనీళ్లు. మనిషిని గోనెల్లో ఎత్తారు.

"తాగి పడ్డాడు" అని చెప్పించారు రాజుగారు. చుట్ట తప్ప ఏ అలవాటూ లేని మనిషండీ గంగయ్య!

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరూ అడక్కుండానే కూర్చుని సర్వర్‌లో ఒక తాళం రాశాను. దాని పేరు తువ్వాలు. దిగే ముందు పనివాడు ఫోన్‌లో అది నొక్కితే, వాడే తీసేదాకా ఎవరెంత మొత్తుకున్నా మోటారు తిరగదు. రాజుగారు పట్టు అంచు తెల్ల కండువా భుజం మీదకి ఎగదోసుకుని ఒకటే నవ్వు. "తువ్వాలుక్కూడా సాఫ్ట్‌వేరా అమ్మా! చోద్యం కాకపోతే!"

ఇక ఆ రోజు సంగతి.

తుపాను ముందు మధ్యాహ్నం. పట్టపగలే దీపాలు పెట్టుకునేంత మబ్బు. కరెంటు పోయింది, జనరేటర్ గుడగుడలాడుతోంది. నేను చెరువు పక్క షెడ్డులో లాప్‌టాప్ ముందున్నాను. మేత బస్తాల నీచు వాసన, తడిసిన మట్టి వాసన. ఎండ లేకపోతే ఆక్సిజన్ ఇట్టే పడిపోతుంది. సరిగ్గా అప్పుడే సర్వర్ పడిపోయింది, ఎక్కడి ఏరేటర్లు అక్కడ ఆగిపోయాయి.

యుగంధర్ ఆ చెరువుల మీద ఎలక్ట్రీషియన్. గాలికి తెగిన తాడు నాలుగో చెరువు ఏరేటర్‌కి చుట్టుకుంటే, విప్పడానికి దిగాడు. వాడి నీలం తువ్వాలు పెట్టె మీదుంది. ఛాతీ లోతు నీళ్లలో నిలబడి నా వైపు చెయ్యూపాడు.

నేను సర్వర్ని రీస్టార్ట్ చేశాను. లేవలేదు. డిస్క్ చూశాను, బాగానే ఉంది. సర్వర్‌కి రోజూ తీసి దాచే నకళ్లు, బ్యాకప్పులు ఒక్కోటీ పెట్టి చూశాను. లేచినట్టే లేచి కూలబడుతున్నాయి. ఒక్కటి మాత్రం నిలబడింది. అన్నిటికన్నా పాతది, గంగయ్య పోవడానికి ముందురోజుది. అది నేను దాచిన గుర్తే లేదు.

"లేచిందా?" రాజుగారు వెనకే నిలబడి ఉన్నారు, చేతిలో ఫోన్. "ఊపిరాడక రొయ్య తలెత్తేస్తోంది. ఆన్ చెయ్యమ్మా, ఏం కాదు."

"ఆగండి రాజుగారూ. ఇది పాతది, దీంట్లో తువ్వాలు తాళం లేదు. తమ్ముడు నీళ్లలో ఉన్నాడు. వాణ్ణి పైకి రానివ్వండి."

"వాడొచ్చేలోపు నా పంట పోద్ది! వాడు కుర్రాడు, తప్పుకుంటాడులే."

నొక్కేశారు. నా కళ్ల ముందే, మా తమ్ముడు కడ్డీ పట్టుకుని ఉండగానే నొక్కేశారు.



మోటారు తిరగలేదు. ఆయన ఫోన్‌లోనూ నా లాప్‌టాప్‌లోనూ ఒకే మాట.

తువ్వాలు ఉంది. నీళ్లలో ఇద్దరు.

నేను ఆ సర్వర్ మొత్తం వెతికాను. తాళం దాంట్లో లేదు. ఉండదు కూడా, నేనది రాసిందే గంగయ్య పోయాక. మరి ఆ మాట ఎక్కణ్ణుంచి వస్తోంది? ఇద్దరేంటి? కిటికీలోంచి చూస్తే నీళ్లలో యుగంధర్ ఒక్కడే... వాడి వెనక నీళ్లు మాత్రం మనిషి నడిచినట్టు విడిపోతున్నాయి.

"నీ తువ్వాలూ నువ్వూ!" అని తిట్టుకుంటూ రాజుగారు వానలోనే గట్టు మీదకి పరిగెత్తారు. నేనూ లాప్‌టాప్ చంకన పెట్టుకుని పరిగెత్తాను. పెట్టె దగ్గరికెళ్లి ఆయన టక్కున ఆగిపోయారు.

పెట్టె మీద రెండు తువ్వాళ్లున్నాయి. నీలం దాని పక్కన ఎర్రగళ్లది. బురద ఓడుతోంది. చుట్ట కంపు.

"గంగయ్యది..." అన్నారు.

"ముట్టుకోకండి రాజుగారూ. మీకు దణ్ణం పెడతాను, ముట్టుకోకండి."

ఆయన రెండూ కలిపి లాగి నీళ్లలోకి విసిరికొట్టారు.

మోటారు తిరిగింది.

యుగంధర్ అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. "అక్కా!" రెక్కలు నీళ్లని కొడుతున్నాయి. వాడి చొక్కా కడ్డీకి చుట్టుకుంటోంది. లాప్‌టాప్ తెరిచి ఆపు నొక్కాను. ఆగలేదు. సర్వర్నే చెరిపేశాను. ఒకటి పోతే దాని చోట ఇంకొకటి తనంతట తనే లేచేలా పెట్టింది నేనే కదా... లేచింది. ఆ ఏర్పాటు తీసేసి మళ్లీ చెరిపాను. మళ్లీ లేచింది. చెరిపాను. లేచింది. జనరేటర్ దగ్గరికి పరిగెత్తి ఆపేశాను. గుడగుడ ఆగింది, దీపాలారిపోయాయి.

మోటారు తిరుగుతూనే ఉంది.

అప్పుడు చూశాను. యుగంధర్ నడుం దగ్గర చేతులు. నల్లగా, నానిపోయి, తోలూడిన రెండు చేతులు. చొక్కాని పర్రున చింపి, వాణ్ణి మూటలా ఎత్తి గట్టు మీద పడేశాయి. వాడి వీపంతా రెక్కలు కోసిన గాట్లు, రక్తం. కానీ బతికే ఉన్నాడు. వాణ్ణి ఒళ్లోకి లాక్కున్నాను.

రాజుగారు అరుస్తున్నారు. విసిరికొట్టిన ఎర్రగళ్ల తువ్వాలు పూర్తిగా నీళ్లలో పడలేదు. ఒక కొస కడ్డీకి చుట్టుకుంది, రెండో కొస ఆయన మణికట్టుకి ముడిపడి ఉంది. కడ్డీ తిరిగే కొద్దీ తువ్వాలు పొట్టిదవుతోంది. బురదలో బోర్లా పడ్డారు. గోళ్లతో గట్టుని పట్టుకున్నారు. గోళ్లు మట్టిలోనే ఉండిపోయాయి, మనిషి జారిపోయారు.

"ఆపమ్మా... ఆపు..."

ఎలా ఆపను? స్విచ్చి ఎక్కడుంది?

ముందు చెయ్యి వెళ్లింది. భుజం దగ్గర పుటుక్కుమంది, పచ్చి కొమ్మ విరిగినట్టు. తర్వాత తల. రెక్క తగిలినప్పుడల్లా ఒక దెబ్బ, ఒక ఎర్రటి తుంపర నా మొహం మీద. పట్టు కండువా ఒక్కసారి నీళ్లపైకి లేచి మళ్లీ మునిగింది. రొయ్యలు కుతకుత పైకొచ్చి ఆ ఎరుపులో ఎగురుతున్నాయి.

తర్వాత దానంతటదే ఆగింది. వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. నా లాప్‌టాప్ వెలుగుతోంది.

తువ్వాలు ఉంది. నీళ్లలో ఇద్దరు.

మా తమ్ముడు నా ఒళ్లోనే ఉన్నాడు. మరి ఆ ఇద్దరూ ఎవరెవరో నాకప్పుడే అర్థమైంది.

ప్రమాదమన్నారు, కేసు మూసేశారు. ఆయన్నీ గోనెల్లోనే ఎత్తారు, కండువా మాత్రం దొరకలేదు. ఆ సర్వర్లన్నీ చెరిపేశాను, బ్యాకప్పులు చెరిపేశాను, ఖాతాయే మూసేశాను. అద్దె ఇల్లు కాదు, ఊరే లేదిప్పుడు. అయినా అప్పుడప్పుడూ ఫోన్‌కి ఆ మాటే వస్తుంది. నీళ్లలో ఇద్దరు, అని. అలవాటు పడిపోయాను. ఇంకా చెప్పాలంటే అదొక ధైర్యం. గంగయ్య ఆయన్ని పట్టుకునే ఉన్నాడన్నమాట, ఆ చెరువు దాటనివ్వడన్నమాట. మా యుగంధర్‌కి ఏ భయం లేదన్నమాట.

ఇదిగో, ఇప్పుడే ఫోన్ మోగింది.

తువ్వాలు ఉంది. నీళ్లలో ఒక్కరు.

...ఒక్కరేంటి? రెండో ఆయన ఎక్కడికెళ్లారు?

పెరట్లో చీపురు చప్పుడు ఆగిపోయింది. ఎప్పుడాగిందో చూసుకోలేదు.

"ఒరేయ్ యుగంధర్!"

పలకలేదు. వంటింటి గుమ్మం దాకా వచ్చాను. మోటారు స్విచ్చి పెట్టె గోడకే ఉంది. దాని మీద తమ్ముడి తువ్వాలు. వీడికి ఇంకా ఆ అలవాటు పోలేదు. ఆ తువ్వాలు మీద ఇంకొకటి. తెల్లగా, పట్టు అంచుతో, నీళ్లు ఓడుతూ.

తోడేసిన సంపు అంచు దాకా నిండి ఉంది. నల్లటి నీళ్లు. చెరువు బురద వాసన.

"తమ్ముడూ... ఒక్క మాట పలకరా..."

నీళ్లు చిన్నగా కదిలాయి. లోపల్నుంచి గొంతు వచ్చింది, నెమ్మదిగా, నవ్వుతున్నట్టు.

"ఆన్ చెయ్యమ్మా. ఏం కాదు."